బోడసకుర్రు వంతెన మీద పడిపోయిన ముల్లు

కోనసీమ పోయి వచ్చానంటే మా నరసరావుపేటలో అందరూ అడిగింది ఒకటే, కొబ్బరిచెట్లు చూశావా అని. చూడకుండా ఎట్లా ఉంటాను? కళ్ళు మూసుకుని నడిచినా నుదుటికి తగులుతాయి. ఎవరి సెల్‌ఫోను చూసినా ఆ చెట్లే, ఆ కాలవలే, వాటి ముందు నిలబడి పళ్ళికిలించే మొహాలే. ఆ చెట్ల కింద మనుషులుంటారని, వాళ్ళు పని చేసే తీరు మన తీరు కాదని ఒక్కడూ చెప్పడు. నాకు ఒళ్ళు మండేది అక్కడే. అందుకని చెట్ల సంగతి ఫొటోల వాళ్ళకు వదిలేసి, నేను చూసిన మనుషుల సంగతి రాస్తున్నాను.

వెళ్ళింది నా అంబాసిడర్లో. దాని వయసు నలభై దాటింది. నేను చదివింది ఐదో తరగతి. లారీ క్లీనరుగా చేరి, డ్రైవరునై, తరవాత బోరు మోటార్లు అమ్మి బతికాను. ఇంగ్లీషు అక్షరాలు నేర్చింది ఇంజను పుస్తకంలోనే, పక్కన నిఘంటువు పెట్టుకుని. ఆ కారుకు నా చెయ్యి తప్ప ఇంకో చెయ్యి పడనివ్వను. ఈ కాలం మెకానిక్కులు కంప్యూటరు వైరు తగిలిస్తే తప్ప జబ్బు చెప్పలేరు. నా కారుకు ఆ వైరు తగిలించే చోటే లేదు.

మా ఆవిడ నాగరత్నానికి ఆ కారంటే పడదు. బయలుదేరే ముందు ఒక మాట తీసుకుంది: ఈ ప్రయాణంలో కారు దారిలో మొరాయిస్తే, తిరిగి రాగానే అమ్మేయాలి. పాత కార్లు పోగేసే ఆసామి ఒకడు గుంటూరులో కాచుకుని ఉన్నాడు. నేను సరేనన్నాను. అంత ధీమా నాకు.

కొత్తపేట

రావులపాలెం దగ్గర పెద్ద రోడ్డు వదిలి కొత్తపేట దారి పట్టగానే గాలి తడిగా తగిలింది. మా పల్నాడులో గాలికి ఎండుమిరపకాయ ఘాటుంటుంది. ఇక్కడ బురద, పచ్చి ఆకు కలిసిన వాసన.

రోడ్డు పక్క బొండాలమ్మే అతని దగ్గర ఆగాం. చేతిలో కత్తి పట్టుకుని అడిగాడు, "నీళ్ళ కాయ కొట్టమంటారాండి, మీగడ కాయా అండి? అమ్మగారికి లేతది ఇవ్వనాండి?" 

మా వైపు బొండాం అరవై రూపాయలు, పైగా బేరమాడితే "కొంటే కొను, లేకుంటే పో" అంటాడు. ఇక్కడ ముప్పై, ఈ మర్యాద అదనం. మా దేశంలో మర్యాద ఎక్కువైతే జేబు తడుముకోవాలి. నేను తడుముకున్నాను కూడా. అతను అది చూసి, "తొందరేం లేదండి, తాగేక ఇద్దురుగాని" అన్నాడు. 

నాగరత్నం రెండు కాయలు తాగి, "నలభై ఎనిమిదేళ్ళ కాపురంలో నన్ను ఎవరూ ఏది కావాలని అడగలేదు," అంది. నేను కారు బానెట్టు ఎత్తి నీళ్ళు చూసుకున్నాను.

అమలాపురం

రాత్రికి గడియారస్తంభం దగ్గర లాడ్జిలో దిగాం. యాభై ఏళ్ళ కిందట నేను మిరపకాయల లోడు మీద ఈ ఊరు వచ్చాను. అప్పుడు వంతెనలు లేవు. లారీని పంటు అనే బల్లకట్టు ఎక్కించి ఏరు దాటించాలి. పంటు వాడికి కోపమొస్తే పూట పూటంతా రేవులోనే. ఇప్పుడు నిమిషంలో దాటుతున్నారు, దాటుతున్నామని కూడా తెలియకుండా. వంతెన కట్టినవాడికి దణ్ణం పెట్టడానికైనా కారు దిగే మనిషి కనబడలేదు.

పొద్దున పొట్టిక్కలు తిన్నాం. పనసాకులను ఈనెపుల్లలతో బుట్టలా కుట్టి, అందులో ఇడ్లీ పిండి పోసి ఉడికిస్తారు. ఆకు వాసన పిండికి పడుతుంది. నాలుగింటికి యాభై రూపాయలు. నాగరత్నం వంటామె పక్కన కూర్చుని బుట్ట కుట్టడం నేర్చుకుంటానంది. ఆ వంటామె పొయ్యి మీది పని వదిలి మరీ నేర్పింది. "కంగారు పడకండి పిన్నిగారూ, మొదటి వంద బుట్టలూ అలాగే ఊడిపోతాయండి," అంది. మా ఊళ్ళో హోటలు వంటింట్లోకి తొంగిచూస్తే గరిటె విసురుతారు.

బయట నా కారు చుట్టూ నలుగురు చేరి ఫొటోలు దిగుతున్నారు. ఒకాయన, "యాంటిక్కాండి?" అన్నాడు. 

"కాదు, కారు," అన్నాను. 

"ఆయ్," అన్నాడు, ఎంతో గౌరవంగా. ఈ ఆయ్ అనే మాటతో పోట్లాడటం కష్టం. ఎంత గట్టిగా గుద్దినా దూదిలో దిగినట్టుంటుంది.

బోడసకుర్రు వంతెన

మూడో రోజు రాజోలు బయలుదేరాం. బోడసకుర్రు దగ్గర గోదావరి వైనతేయ పాయ మీద పొడవాటి వంతెన. నాగరత్నం పడవలు చూస్తోంది. నేను అలవాటు కొద్దీ ఆయిల్ మీటరు చూశాను. ఎప్పుడూ నలభై అయిదు మీద ఉండే ముల్లు పది దగ్గరుంది. చూస్తుండగానే ఇంకా కిందకు జారింది.

కార్ల గోల తెలియని వాళ్ళకు ఒక్క మాట. ఇంజను అడుగున చాంబరులో నూనె ఉంటుంది. పంపు దాన్ని పీల్చి ఇంజను ఒళ్ళంతా తోస్తుంది. ఆ తోపుడు బలాన్నే మీటరు చూపిస్తుంది. మనిషికి నెత్తురు పోటు లాంటిది. అది పడిపోయాక కూడా నడిపితే బేరింగులు అరిగి, ఇంజనుకు వెన్నెముక లాంటి క్రాంకు గీసుకుపోతుంది. నా ఇంజనుకు ఇంకో క్రాంకు దొరకడం ఈ జన్మలో పని కాదు.

వెంటనే ఇంజను కట్టేసి, వంతెన దిగుడులో కారును జారవిడిచి పక్కకు ఆపాను.

"ఆగిందా?" అంది నాగరత్నం.

"ఆగలేదు. ఆపాను."

"రెంటికీ తేడా ఏంది?"

దిగి ఆయిల్ పుల్ల తీసి చూశాను. నూనె నిండుగా ఉంది. కాసేపు ఆగి స్టార్టు చేస్తే ముల్లు చక్కగా నలభై అయిదుకు ఎక్కింది. ఊపిరి పీల్చుకుని రెండు మైళ్ళు పోయానో లేదో, మళ్ళీ పడింది. పుల్ల మాట నమ్మకుండా డిక్కీలో ఉన్న డబ్బాలోంచి అరలీటరు పోశాను. కాసేపు బాగుండి మళ్ళీ పడింది. ఇంకో అరలీటరు పోశాను. ఇప్పుడు నూనె పుల్ల మీద గీత దాటింది. అయినా ముల్లు పడింది.

కొబ్బరికాయల ట్రాక్టరు ఒకటి వచ్చి ఆగింది. డ్రైవరు నా మొహం చూసి, "నగరం అనే ఊళ్ళో ఆశీర్వాదం గారని ఉన్నారండి. కాలవ పంపులు, పడవింజన్లు చేస్తారండి. మస్కట్‌లో కార్ల షెడ్డులో కూడా చేసేరండి," అన్నాడు. తాడు అతనే తీసి కట్టాడు. అలా నా అంబాసిడర్ జీవితంలో మొదటిసారి కొబ్బరికాయల వెనకాల, తాడు కట్టిన దూడలా నడిచింది. మొరాయించిందని చెప్పాల్సిన అవసరం నాగరత్నానికి లేదు.

నగరం

కాలవ గట్టున రేకుల షెడ్డు. ఆశీర్వాదం గారికి అరవై అయిదు ఉంటాయి. సన్నగా, ఇస్త్రీ చొక్కాలో ఉన్నారు. ఆ చొక్కా చూసి ఈయనేం మెకానిక్కు అనుకున్నాను. పంతొమ్మిదేళ్ళు గల్ఫులో చేసి వచ్చారట. ఆయన భార్య రూతమ్మ గారు బడిలో లెక్కలు చెప్పి రిటైరయ్యారు.

మా ఊళ్ళో మెకానిక్కు కారు చూడగానే మొదట తిట్టేది మనల్ని, తరవాత అంతకు ముందు చేసిన వాణ్ణి. ఈయన ఎవర్నీ తిట్టలేదు. స్టూలు వేసి కూర్చోబెట్టి, జరిగిందంతా చెప్పమన్నారు. చెప్పాక, "ఇంకోసారి చెప్పండి," అన్నారు. మూడుసార్లు చెప్పించుకున్నారు. మూడోసారికి నేను మండిపడ్డాను.

"చెవుడా మీకు?" 

"లేదండి. మొదటిసారి మనిషి తన కంగారు చెప్తాడండి. రెండోసారి తన తెలివి చెప్తాడు. మూడోసారికి గానీ బండి సంగతి రాదండి," అన్నారు.

నా మీటరు గొట్టం విప్పి తన మీటరు బిగించారు. అదీ అట్లాగే ఎక్కి, అట్లాగే పడింది. మీటరు అబద్ధం చెప్పడం లేదు. ఇంజను పక్కన నట్టు విప్పి, ఎక్కువైన నూనెను వెనక్కు పంపే వాల్వు తీసి చూశారు. స్ప్రింగు బాగానే ఉంది. నూనె చుక్క తెల్ల సాసరులో వేసి ఎండలో తిప్పారు. బేరింగులు అరిగితే లోహం పొడి తళుక్కుమంటుందట. ఏమీ మెరవలేదు. వాసన చూశారు, పెట్రోలు కలవలేదు. ఒక్కొక్కటీ చూడటం, అది కాదని పక్కన పెట్టడం. ఏదీ ఊహించలేదు. నేను లోలోపల ముచ్చటపడ్డాను, పైకి మాత్రం మొహం ముడుచుకునే ఉన్నాను.

అప్పుడు అడిగారు. "ఈమధ్య ఇంజను అడుగున ఎవరైనా చెయ్యి పెట్టేరాండి?"

పెట్టారు. పెట్టింది నేనే. రెండు నెలల కిందట చాంబరు దగ్గర నూనె కారి వాకిలి మరకలవుతోందని నాగరత్నం పోరితే, చాంబరు విప్పి, సందు మూసే అట్ట, అదే గ్యాస్కెట్టు, కొత్తది వేసి, దాని మీద నూనె కారకుండా పేస్టు పట్టించి బిగించాను. చుక్క కారలేదు. ఊరంతా చెప్పుకున్నాను.

"ఎవరూ పెట్టలేదు," అన్నాను.

ఎందుకన్నానో ఇప్పుడు రాయగలను గానీ, అప్పుడు నాకే తెలియదు. ఆ ఇస్త్రీ చొక్కా మనిషి ముందు నా పని తప్పని తేలడం ఇష్టం లేకపోయింది. అంతే. నాగరత్నం నా వైపు ఒకసారి చూసింది.

"ఆయ్," అన్నారాయన. "అయితే బేరింగులే అనుకోవాలండి. రేపు ఇంజను దింపుదాం."

రాత్రి వాళ్ళింట్లోనే ఉండమన్నారు. నగరం చుట్టుపక్కల నేలలో గ్యాసు పైపులున్నాయి, ఒకసారి పేలాయి కూడా, అందుకని బీడీ కాల్చాలంటే ఏ గట్టు మంచిదో కూడా చూపించారు. రూతమ్మ గారు ప్రార్థన చేసి వడ్డించారు. ఆ ప్రార్థనలో మా కారు కూడా ఉంది. బొమ్మిడాయిల పులుసు, మామిడికాయ తురుము. మా వైపు పులుసు గుటక వేసేలోపే కారం చెవుల్లోంచి వస్తుంది. ఇక్కడ చేప రుచి ముందు, కారం తరవాత, ఒకదాని వెనక ఒకటి వరసగా వచ్చాయి. 

కడుపు నిండాక నా నోరు లేచింది. అరకొర చదువుల మెకానిక్కులను గంటసేపు దులిపాను. పేస్టు పూసేవాళ్ళను, గ్యాస్కెట్టు కొయ్యడం రానివాళ్ళను, అందరినీ. ఆశీర్వాదం గారు అన్నీ విని, "మా షెడ్డులో ఒక అలవాటుందండి. ఎదర లేని మనిషి చేసిన పనికి వంక పెట్టం," అన్నారు. 

పక్క మీద చేరాక నాగరత్నం అంది, "చెప్తారా, నన్ను చెప్పమంటారా?"

"పడుకో," అన్నాను.

కాలవ గట్టు

తెల్లారి లేచేసరికి షెడ్డు దూలానికి గొలుసు వేలాడుతోంది. ఇంజను ఎత్తడానికి. ఆయన మాత్రం అక్కడ లేరు. కాలవ గట్టున ఒక రైతు పంపు దగ్గర ఉన్నారు. వెళ్ళాను.

ఇంజను తిరుగుతోంది గానీ గొట్టంలోంచి నీళ్ళు సన్నగిల్లి, ఆగిపోయాయి. మా దేశంలో మోటారు నీళ్ళు లాగడం మానిందంటే బోరు ఎండినట్టు. నేను జీవితమంతా అమ్మింది ఆ మోటార్లే. నిండు కాలవలో పంపు నీళ్ళు లాగకపోవడం ఎప్పుడూ చూడలేదు. 

ఆయన ఇంజను ఆపి ఊరికే నిలబడ్డారు. 

"ఏంది, చూస్తారేంది?" అన్నాను. 

"గుర్రపుడెక్కండి. గొట్టం మూతికి జాలీ ఉంటుందండి. లాగుతున్నంతసేపు డెక్క వచ్చి జాలీకి అంటుకుంటుంది. ఆపితే దానంతట అదే ఊడిపోతుంది." 

కాసేపటికి మళ్ళీ తిప్పారు. నీళ్ళు ధారగా దూకాయి. కొంతసేపటికి మళ్ళీ సన్నబడ్డాయి.

ఎక్కడం, పడటం, ఆపితే మళ్ళీ ఎక్కడం. నా కారు నిన్నంతా చేసింది అదే. నేను ఎండు దేశపు బుద్ధితో నూనె చాలలేదనుకుని పోశాను, పోశాను. కావలసినంత నూనె ఉంది. లాగే నోటికే ఏదో అడ్డం పడింది.

ఆయన చేతులు తుడుచుకుంటూ నెమ్మదిగా అన్నారు. "రాత్రి నుంచీ నాకూ అదే తొలుస్తోందండి. బేరింగులు అరిగితే ఆపి తిప్పినంత మాత్రాన ప్రెషరు తిరిగి రాదు. ఇది వస్తోంది. చాంబరులో నూనె పీల్చే మూతికీ ఇలాంటి జాలీయే ఉంటుంది, దానికి ఏదో అంటుతోందని ఇంజను చెప్తోందండి. కానీ ఎవరూ చెయ్యి పెట్టని చాంబరులోకి చెత్త ఎలా వస్తుంది? మీరేమో పెట్టలేదన్నారు. మీ మాట కాదని ఇంజను మాట ఎలా నమ్మనండి?"

అంటే నేను అబద్ధమాడానని ఆయనకు తోచనే లేదు. తోచినా, నా మాట మీద నడవడమే ఆయనకు పద్ధతి. ఆ పద్ధతి ప్రకారం నా ఇంజను ఇంకో గంటలో గొలుసుకు ఎక్కుతుంది. నట్టుకు నట్టు విప్పుతారు. నలభై ఏళ్ళ ఇంజను అంతా విప్పితే మళ్ళీ అదే ఇంజను అవుతుందన్న నమ్మకం లేదు.

షెడ్డుకు తిరిగొచ్చాం. ఆయన గొలుసు కొక్కెం పట్టుకుని కిందకు లాగారు. నాగరత్నం అరుగు మీద పొట్టిక్కల బుట్ట కుడుతూ తల ఎత్తింది.

"చెయ్యి పెట్టింది నేనే," అన్నాను. "చాంబరు విప్పాను. పేస్టు వేశాను. నిన్న అబద్ధం చెప్పాను."

ఆయన కొక్కెం వదిలేశారు. "ఆయ్. ఎంత వేసేరండి?"

"దండిగా."

"మంచిదండి," అన్నారు, నిజంగానే సంతోషంగా. "అయితే ఇంజను దింపక్కర్లేదండి."

నేల మీద గోనె పరిచి ఇద్దరం కారు కిందకు దూరాం. నూనె దించి, చాంబరు ఊడదీశాం. లోపల జాలీకి నల్లగా, ఎండిన పేస్టు తీగలు అంటుకుని ఉన్నాయి. బిగించినప్పుడు లోపలికి పొంగిన పేస్టు, ఎండి, ఊడి, తేలి, పంపు లాగినప్పుడల్లా వచ్చి మూతికి కప్పుకుంది. ఇంజను ఆపగానే వదిలేసింది. ఆయన ఒక బేరింగు మూత కూడా విప్పి నాకు చూపించారు. నున్నగా ఉంది, గీత లేదు. నేను వెంటవెంటనే ఇంజను కట్టేయడం వల్ల బతికిందన్నారు.

తీగ ఒకటి పైకెత్తి చూస్తూ, "శ్రద్ధ ఎక్కువైందండి, అంతే," అన్నారు. ఇన్నేళ్ళలో నా పనిని ఎవరైనా తప్పుపడితే నేను వాళ్ళ ఏడు తరాలనూ ఎత్తి మాట్లాడాను. ఈ మాట విని మాత్రం, జాలీ కడగడానికి గిన్నె దగ్గరకు లాక్కున్నాను.

జాలీ కడిగాం. ఆయన కాగితం అట్ట కత్తిరించి కొత్త గ్యాస్కెట్టు చేశారు. పేస్టు ట్యూబు నా చేతిలో పెట్టి, "మీరే వెయ్యండి. వేలితో రాసి, తుడిచెయ్యండి. తుడిచేక మిగిలిందే చాలు," అన్నారు. 

డెబ్బై నాలుగేళ్ళ వాణ్ణి, ఒకరు చూస్తుండగా నేర్చుకోవడం అదే మొదటిసారి. పుస్తకంలో ఈ ముక్క లేదు. ఉన్నా అర్థమయ్యేది కాదు. 

రాజోలు

పేస్టు ఆరేదాకా ఆగి, కొత్త నూనె పోసి తిప్పాం. ముల్లు నలభై అయిదు. అయినా ఆయన మమ్మల్ని వదల్లేదు. బాగుచేసిన బండిలో తాను కూడా నాలుగైదు మైళ్ళు కూర్చుని, బస్సులో తిరిగొస్తారట. ఏ బండికైనా అంతేనట. మా వైపు బండి షెడ్డు గుమ్మం దాటితే మెకానిక్కుకు మనమెవరో తెలియదు.

ఆయన ముందు సీట్లో కూర్చుని అద్దం దించి, తల కొంచెం వంచి వింటున్నారు. తాటిపాక దాటాం. ముల్లు కదల్లేదు. వెనక సీట్లో నాగరత్నం ఆలోచనలో ఉందంటే నాకు బండి గేరు కంటే స్పష్టంగా తెలుస్తుంది.

"అన్నయ్యగారూ," అంది ఆశీర్వాదం గారితో. "ఈ కారు దారిలో మొరాయిస్తే అమ్మేస్తానని ఈయన మాటిచ్చాడు. మొరాయించినట్టా, కాదా? మీరే చెప్పండి. మీ మాట వింటాను."

నేను రోడ్డు మీంచి చూపు తిప్పలేదు. ఆయన నాలుగు కరెంటు స్తంభాలు దాటేదాకా ఆలోచించారు.

"ఇంజనుకేం లోటు లేదమ్మా. తనకేమైందో వంతెన మీదే చెప్పింది, మళ్ళీ మళ్ళీ చెప్పింది. చెప్పనిది మనిషండి. మనిషి సంగతి మాత్రం మీరే చూసుకోవాలండి."

"మనిషిని కొనేవాళ్ళు ఎవరూ లేరండీ," అంది నాగరత్నం. "పోనీలెండి. రెండూ ఉంచుకుంటాను."

ఆశీర్వాదం గారు నవ్వడం మొదటిసారి విన్నాను. నాకు నవ్వాలో కోప్పడాలో తేలక హారను కొట్టాను. రోడ్డు మీద ఎవరూ లేరు.

రాజోలు బస్టాండు దగ్గర ఆయన దిగారు. టీ తాగమంటే, రైతు పంపు దగ్గర పనుందని నగరం బస్సు ఎక్కేశారు. ఆ బస్సు కదిలి మలుపు తిరిగేదాకా నేను ఇంజను ఆపలేదు. కిటికీ దగ్గర కూర్చున్నారు కదా, ఆయనకు వినబడుతుందని.